కలపకు

గుడ్‌లౌగ్ ఇంట్లో గరిటెలన్నీ
సొరుగులో తాళం కింద ఉంటాయి,
నేను పాకం పెట్టే రోజు మాత్రం.

"కలపకు" అంటుంది.
ఇంకేమీ అనదు.
కిటికీ పక్క కుర్చీలో కూర్చుని
బూడిదరంగు ఊలుతో ఎవరికో మేజోళ్లు అల్లుతుంది.
బయట మధ్యాహ్నం రెండింటికే వీధి దీపాలు.
నవంబరులో వెళ్లిన సూర్యుడు
మా దీవికి ఇంకా తిరిగి రాలేదు.

నాది చేపల ఫ్యాక్టరీలో పని.
బెల్టు మీద కాడ్ చేప వస్తుంది,
నాలుగు సెకన్లలో కత్తి దిగాలి,
ఐదో సెకను ఇంకో చేపది.
పదకొండేళ్లుగా నా చేతులకి తెలిసిన కాలం అంతే.
అలాంటి చేతుల్ని పొయ్యి ముందు
ఊరికే నిలబెట్టమంటే
అవి జేబుల్లో కూడా కుదురుగా ఉండవు.

మొదటిసారి దొంగతనంగా కలిపాను.
ఫోర్కు వెనక వైపుతో, ఒకే ఒక్క తిప్పు.
గిన్నె అంచున తెల్లటి పలుకొకటి పుట్టింది,
దాన్ని చూసి పక్కది, పక్కదాన్ని చూసి ఇంకోటి,
చూస్తుండగానే పాకమంతా
మళ్లీ పంచదారై కూర్చుంది
అలిగి మూతి బిగించిన పిల్లలా.
అల్లిక ఆపకుండానే ఆమె అంది:
"ఫోర్కు కూడా గరిటే."

రెండోసారి మంట పెంచాను.
మాడు వాసన మూడిళ్ల అవతల
ఆస్‌బ్యోర్న్ దాకా పోయింది.
మంచు తవ్వే పార పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.
నిప్పుకి పార ఎందుకో
అతనికీ తెలీదు.
కాఫీ తాగి వెళ్లాడు.

మూడోసారి ఏ తప్పూ చేయలేదు.
చేతులు వెనక్కి కట్టుకున్నాను.
ముందు ఎండుగడ్డి రంగు,
తర్వాత పలచటి టీ,
తర్వాత ఆస్‌బ్యోర్న్ పడవ వార్నిష్.
అక్కడ దించాలి. నాకు తెలుసు.
కానీ ఎంత బాగుందో అని
మురిసిపోతూ నిలబడ్డాను,
నా కళ్ల ముందే అది చేదులోకి జారిపోయింది.

"నిద్రపోతున్నావా?" అంది గుడ్‌లౌగ్.
"ఓపిక పడుతున్నాను."
"ఓపికంటే బల్ల కాదు నాయనా,
చేప తాడు లాగేదాకా
చెయ్యి తాడు మీద పెట్టుకుని కూర్చోవడం."

ఆ ముక్క మాత్రం నా చేతులకి అర్థమైంది.

నాలుగోసారి ఎనిమిది వరసల అల్లికంతసేపు
ఏమీ జరగలేదు.
నీళ్లు ఇగిరాయి. బుడగలు చిన్నవి పోయి
పెద్దవి వచ్చాయి, బద్ధకంగా.
గిన్నె చెవి పట్టుకుని కాస్త వంచాను, అంతే,
పాకం తనంతట తను తిరిగింది.
ఒక మూల ఎర్రబడింది.
ఆ తర్వాత పది సెకన్లు!
అవి నా సెకన్లు,
బెల్టు దగ్గర నేర్చిన సెకన్లు.
దించాను, అచ్చులో పోశాను,
అడుగంతా పాకేలా తిప్పాను,
ఊపిరి తీసుకోవడం తర్వాత గుర్తొచ్చింది.

పాకం గాజులా బిగుసుకుంది.
గోటితో కొడితే టక్‌మంది.
దాని మీద పాలూ గుడ్లూ పోసి
నీళ్ల పళ్లెంలో ఓవెన్‌లోకి తోశాం.
"ఇంత గట్టిది రేపటికెలా కరుగుతుంది?"
"నీకు చెప్పి కరుగుతుందా?"

ఓపిక నేర్చుకున్నానని చెప్పను.
ఆ రాత్రి రెండుసార్లు లేచాను,
వట్టి కాళ్లతో వెళ్లి ఫ్రిజ్ తెరిచి,
ఆ వెలుతురులో అచ్చు మూత చూసి
మళ్లీ మూశాను.

పొద్దున్న పళ్లెంలోకి బోర్లిస్తే
లోపల ఎవరో పెదవి విప్పినట్టు
చిన్న చప్పుడు.
నిన్నటి గాజు ఇవాళ రసమై
అంచుల నుంచి మెల్లగా దిగింది.

ఆ రోజే సూర్యుడు రావాల్సిన రోజు.
బడి ముందు మెట్ల మీద ఊరంతా నిలబడింది,
పిల్లలు కాగితం కిరీటాలు పెట్టుకున్నారు.
పదకొండూ నలభై. పదకొండూ నలభై ఐదు.
కొండ మీద మబ్బు కదల్లేదు.
ఒక పాప ఏడుపు మొహం పెట్టింది.
"రేపు చూద్దాం" అన్నారు ఎవరో,
ఏటా అలవాటైన గొంతుతో,
అందరూ ప్లేట్లు అందుకున్నారు.

గుడ్‌లౌగ్ రెండోసారి వడ్డించుకుంది.
"ఇంకొంచెం ముందు దించాల్సింది" అంది,
చెంచా నాకుతూ.